గుర్తు కదలని జిగ్గు

మా బావకి కోపం రాదు. ఆయనతో వేగేవాళ్లందరికీ అంత కోపం ఎందుకొస్తుందో చెప్పడానికి ఈ ఒక్క ముక్క చాలు. మా అక్కకి వస్తుంది, నాకు వస్తుంది, ఏ చుట్టరికమూ లేని పేటెంటు ఏజెంటుకి కూడా, పాపం, వచ్చింది. ఆయన మాత్రం చెవి మీద పెన్సిలు సర్దుకుని "చూద్దాంలేరా" అంటాడు. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఇంటి పైకప్పు కారుతోందన్నా చూద్దాంలే, ఎవరో పట్టుకెళ్లిన ఉలి తిరిగి రాలేదన్నా చూద్దాంలే. చూడడు. ఆ సంగతి మాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

బావ వడ్రంగి. నేను లేత్ మిషను మీద ఇనుము తిప్పేవాణ్ణి. అక్కని చూడ్డానికి మా ఇంటికి మొట్టమొదటిసారి వచ్చినప్పుడు ఆయన కుర్చీలో ఇలా కూర్చుని అలా లేచాడు. ఏ పురుగో కుట్టిందనుకుని మా అమ్మ కంగారుపడింది. ఆయన కుర్చీని తలకిందులు చేసి, ఒక కాలిని పట్టుకుని ఊపి, "దీని కన్నం వంకరగా పడిందండీ" అన్నాడు. మర్నాడు పనిముట్ల సంచీతో వచ్చి, వాకిట్లో కూర్చుని, ఆ కాలు విప్పి మళ్లీ బిగించి వెళ్లాడు. "నన్ను చూడ్డానికొచ్చి కుర్చీని చూసుకుని పోయారు" అని అక్క ఈ రోజుకీ దెప్పుతుంది. మా నాన్నకి మాత్రం అదే నచ్చింది. పెళ్లయ్యాక ఒకసారి నేనే అడిగాను, ఆ రోజు అక్క ఏ రంగు బట్టలు కట్టుకుందో గుర్తుందా అని. "కుర్చీ టేకుది" అన్నాడు.

ఈ వంకర కన్నాల పిచ్చి ఆయనకి మొదటి నుంచీ ఉంది. కుర్చీ కాళ్లు తిన్నగా కిందికి దిగవు. కాస్త బయటికి చాచుకుని ఉంటాయి, అందుకే మనం కూర్చుంటే కుర్చీ తూలదు. ముందు కాళ్లది ఒక వాలు, వెనక కాళ్లది ఇంకో వాలు. ఆ కాళ్లని బిగించే చెక్క మేకుల కోసం కన్నాలు కూడా అదే వాలులో పడాలి. డ్రిల్లు ఏటవాలుగా పట్టుకుంటే కన్నం తొలిచే బిట్టు చెక్క మీద జారుతుంది. జారకుండా దానికి దారి చూపించే గొట్టమూ, ఆ గొట్టాన్ని పట్టుకుని ఉండే చట్రమూ కలిసిన పనిముట్టునే జిగ్గు అంటారు. అలాంటివి బజార్లో దొరుకుతాయి. కోణం మార్చుకోగలిగేవి కూడా ఉన్నాయి. వాటితో వచ్చిన చావల్లా ఏమిటంటే, కోణం మార్చినప్పుడల్లా బిట్టు మొన గుర్తు మీద నుంచి పక్కకి పోతుంది. మళ్లీ కొలవాలి, మళ్లీ గుర్తు పెట్టాలి.

బావ చేసినదానిలో గొట్టం నెలవంక లాంటి రెండు గాడుల్లో కదులుతుంది. ఆ వంపులకి కేంద్రం సరిగ్గా చెక్క మీద పెన్సిలు గుర్తు ఉన్నచోటే పడుతుంది. అందుకని గొట్టాన్ని ఎటు వాల్చినా మొన గుర్తు మీదే ఉంటుంది. కోణం మారుతుంది, గుర్తు కదలదు. వింటే ఇంతేనా అనిపిస్తుంది. అలా ఇంతేనా అనిపించడం వల్లే తర్వాత నా తల ప్రాణం తోకకొచ్చింది.

దాని గొట్టాలు నేనే తిప్పి ఇచ్చాను. కొలతలు అగ్గిపెట్టె మీద రాసుకొచ్చాడు. దేనికి బావా అంటే "ఉండరా" అన్నాడు. ఉన్నాను. పూర్తయ్యాక కూడా నాకు చూపించలేదు, మా వీధిలో ఉన్న వడ్రంగులందరికీ చూపించాడు. అడిగినవాడికల్లా ఇచ్చాడు. కొందరికి దగ్గర కూర్చోబెట్టుకుని ఎలా చేసుకోవాలో కూడా నేర్పాడు. మా అక్క ఒంటికాలి మీద లేచింది. "ఏవండీ, రాత్రింబగళ్లు కూర్చుని చేసుకుంది మీరు. మీకు కావలసిన రోజున మీరే పక్కింటికెళ్లి అడుక్కుంటున్నారు. ఇదేం ఖర్మండీ?" అంది. "వాళ్ల కుర్చీలు మాత్రం ఊగాలేంటి?" అన్నాడాయన.

ఇక పెద్ద బావ. అంటే బావకి సొంత అన్న. అన్నదమ్ములిద్దరూ వాళ్ల నాన్న వదిలిపోయిన రేకుల షెడ్డులో కలిసి పనిచేసేవాళ్లు. మాటలన్నీ పెద్ద బావవి, పనంతా చిన్నవాడిది. పెద్ద బావకి పని రాదని కాదు, చేయి మంచిదే. కాకపోతే వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, చెక్క గురించి చెప్పి, నవ్వించి, పని ఒప్పించుకోవడంలో ఆయనకి సాటి లేదు. బావ ఆ మాటల చాటున హాయిగా తలొంచుకుని పని చేసుకునేవాడు. ఎవరికి వాళ్లకి సరిపోయింది.

జిగ్గు పేరు నలుగురి నోటా పడ్డాక పెద్ద బావ వచ్చినవాళ్లకి దాన్ని తీసి చూపించడం మొదలుపెట్టాడు. మొదట్లో "మా షెడ్డులో పుట్టింది" అనేవాడు. కొన్నాళ్లకి "మేం చేసిందే" అన్నాడు. ఒక రోజు బావ పక్కనే చిత్రిక పడుతుండగా, ఎవరో ఆర్డరిచ్చే ఆసామితో, "ఇది నేను కనిపెట్టానండీ, మా తమ్ముడు చెక్క కోసిచ్చాడు" అన్నాడు.

బావ చిత్రిక ఆపాడట. ఆసామి వెళ్లాక అడిగాడట, "అన్నా, అలా అన్నావేంటి?" అని. పెద్ద బావ తేలిగ్గా నవ్వేసి, "నేను చెప్తేనే కదరా నువ్వు చేసింది" అన్నాడట. చెప్పలేదు. చెప్పలేదని ఇద్దరికీ తెలుసు. బావ అరవలేదు, తిట్టలేదు. మర్నాడు ప్లైవుడ్ షీట్లు తెచ్చి షెడ్డుకి సరిగ్గా మధ్యలో అడ్డం కట్టేశాడు. సందు లేకుండా, వెలుతురు కూడా దూరకుండా కట్టాడు. ఆయన జన్మలో కోపం వచ్చింది ఆ ఒక్కసారే అని నా అనుమానం. అప్పుడు కూడా అతుకులు చక్కగానే వేశాడు.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. షీటుకి ఇటు ఈయన రంపం, అటు ఆయన రేడియో. ఒకరు తుమ్మితే రెండోవాళ్లకి వినపడేది, కానీ ఎవరూ పలకరించరు. అక్కా, తోడికోడలూ మాత్రం బట్టలారేసుకునే చోట గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్లు. ఇటు వంకాయలు అటు వెళ్లేవి, అటు పచ్చళ్లు ఇటొచ్చేవి. మగవాళ్లిద్దరిదే మూగనోము. ఏళ్లు గడిచాయి. పెద్ద బావ జిగ్గు కథ చెప్పడం మానలేదు. చెప్పి చెప్పి ఆయనే దాన్ని నమ్ముతున్నాడేమోనని అక్క అనేది. ప్లైవుడ్ అవతల నుంచి ఆ కథ మొదలవగానే బావ మేకుల డబ్బా తీసి, అవసరం ఉన్నా లేకపోయినా, టకటకా కొట్టేవాడు.

పేటెంటు సంగతి ఆయన చెవిన వేసింది పనిముట్ల కొట్టాయన. "ఇది బజార్లో ఎక్కడా లేదు, పేటెంటు తీసుకో" అన్నాడట. మామూలుగా అయితే చూద్దాంలే అనాలి. ఈసారి మా బావ సాయంత్రం పని ఆపి తిన్నగా నా దగ్గరికొచ్చాడు.

"ఏరా, పేటెంటు మీద పేరు రాస్తారా?"

"రాస్తారు బావా."

"ఎవరి పేరు?"

"కనిపెట్టినవాడి పేరు."

"గవర్నమెంటే రాస్తుందా?"

"గవర్నమెంటే రాస్తుంది."

"అయితే తీసుకుందాం" అన్నాడు. ఆయనకి కావలసింది అదొక్కటే. దానితో ఏం లాభం, ఎవరికి అమ్మాలి, ఏం చెయ్యాలి, ఏమీ అడగలేదు. ఈ జిగ్గు ఈయనే చేశాడని ఎవరో పెద్దవాళ్లు, ఎదురు చెప్పడానికి వీల్లేకుండా, ఒక్కసారి అనాలి. ఆ ముఖం చూశాక నాకు కాదనబుద్ధి కాలేదు. కాలికి బలపం కట్టుకుని తిరిగి ఒక ఏజెంటుని పట్టుకున్నాను.

ఏజెంటు సన్నగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉండే మనిషి. మా బావ ఆయన ఆఫీసులో అడుగుపెట్టగానే టేబులు సొరుగు లాగి చూశాడు. అది బిగుసుకుపోయి ఉంది. ఏజెంటు పేటెంటంటే ఏమిటో చెబుతుంటే ఈయన సొరుగు అంచుని వేలితో తడుముతున్నాడు. "మీరు వింటున్నారా?" అన్నాడు ఏజెంటు. "వర్షాకాలంలో ఇంకా బిగుస్తుందాండీ?" అన్నాడు బావ.

ఏజెంటు అడిగినవి రెండే ప్రశ్నలు. దీన్ని ఎక్కడైనా అమ్మారా, ఏ పత్రికలోనైనా దీని గురించి వచ్చిందా అని. రెండింటికీ లేదన్నాం. నిజమే కదా, బావ ఎవరికీ అమ్మలేదు, ఊరికే ఇచ్చేశాడు. ఆ ఊరికే ఇవ్వడం గురించి ఏజెంటు అడగలేదు, మాకు చెప్పాలని తెలియదు. ఇందులో తప్పెవరిదో ఏజెంటూ నేనూ ఇప్పటికీ ఫోనులో వాదించుకుంటూనే ఉన్నాం.

దరఖాస్తు వెళ్లింది. చాలా కాలానికి పేటెంటు ఆఫీసు నుంచి అభ్యంతరం వచ్చింది. ఏజెంటు దాన్ని మాకు అర్థమయ్యే మాటల్లో చెప్పాడు. బిట్టుకి దారి చూపే గొట్టం లోకానికి తెలిసిందే, కోణం మార్చే చట్రమూ తెలిసిందే, తెలిసిన రెంటినీ కలపడం పనొచ్చిన ఏ వడ్రంగికైనా తట్టే విషయమే, కాబట్టి ఇందులో కనిపెట్టిందేమీ లేదు అని.

మా బావ చెవి మీద పెన్సిలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత, "తట్టేదే అయితే ఎవరికీ తట్టలేదేం?" అన్నాడు.

"అదే అనాలి, కొంచెం మర్యాదగా" అన్నాడు ఏజెంటు. "గుర్తు కదలకపోవడమే ఇందులో కొత్త సంగతి. విచారణకి పిలుస్తారు. మీరు జిగ్గు తీసుకొచ్చి చేసి చూపించండి. మాటలు నాకు వదిలెయ్యండి."

వదిలేస్తానని గంగిరెద్దులా తలూపాడు. నేను నమ్మాను. ఇన్నేళ్లు ఆయన్ని చూసి కూడా నమ్మానంటే నన్ను నేనే తన్నుకోవాలి.

మా బావ బుర్రలో ఏం తిరిగిందో తర్వాత అక్క చెబితే తెలిసింది. ఒకప్పుడు మా నాన్నకీ పక్కింటాయనకీ ప్రహరీగోడ తగువొచ్చింది. వీధిలో పెద్దవాళ్లు నలుగురు కోర్టుకొచ్చి, ఈ గోడ మా చిన్నప్పటి నుంచీ ఇక్కడే ఉంది, మేం కళ్లారా చూశాం అని చెబితే, గోడ మాదేనని తీర్పొచ్చింది. బావ అది మర్చిపోలేదు. గోడకైనా జిగ్గుకైనా న్యాయం ఒకటే అనుకున్నాడు. ఎంత పాతదైతే అంత హక్కు. ఎంతమంది చూస్తే అంత బలం. నాకు చెప్పకుండా, ఏజెంటుకి చెప్పకుండా, ఆ వారమంతా సాయంత్రాలు వీధిలో ఇంటింటికీ తిరిగాడు.

విచారణ రోజు పొద్దున్న నేను షెడ్డు దగ్గరికెళ్లేసరికి అక్కడొక టెంపో ఆగి ఉంది. అందులో వీధిలోని వడ్రంగులు పెళ్లికి వెళ్తున్నట్టు ఇస్త్రీ చొక్కాలేసుకుని కూర్చున్నారు. అందరికంటే ముందు మేం బొంగురాయన అని పిలిచే మేస్త్రీ ఉన్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ రంపపు పొట్టు మింగినట్టుంటుంది.

"ఇదేంటి బావా?"

"సాక్షులురా."

"సాక్షులెందుకు? ఇదేమన్నా కొట్లాట కేసా?"

"ఉంటే నష్టమేముంది? చూద్దాంలే" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా షెడ్డు అవతలి తలుపు తెరుచుకుంది. పెద్ద బావ బయటికొచ్చాడు. తలకి నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. ప్లైవుడ్ అవతల నుంచి అన్నీ విన్నాడన్నమాట. తమ్ముడి వంక చూడకుండా వెళ్లి టెంపోలో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. బావ వెనక ఎక్కాడు. ఈ మహానుభావుడు అక్కడికొచ్చి ఇది నేను కనిపెట్టానని చెబితే ఏం గతి? దింపేద్దామా అంటే, బొంగురాయన "బాబూ, కదలండి, ఆలస్యమవుతోంది" అని కేకేశాడు.

ఆలస్యం ఎలాగూ అయింది. మేం చేరేసరికి ఏజెంటు అప్పటికే ఆఫీసరు గదిలో ఉన్నాడు. వరండాలో ఆయన కంటపడి ఉంటే అందరినీ అక్కడే ఆపేసి ఉండేవాడు, ఈ కథ ఇంకోలా ఉండేది. ప్యూను తలుపు తియ్యగానే అందరూ బిలబిలమంటూ లోపలికెళ్లిపోయారు. ఏజెంటు తల తిప్పి చూసి గుడ్లు తేలేశాడు.

చిన్న గది. గోడల నిండా ఫైళ్లు, మధ్యలో బల్ల, నాలుగు కుర్చీలు. ఒక కుర్చీ కాలి కింద అట్టముక్క మడిచి పెట్టి ఉంది. వచ్చిన వడ్రంగులందరి చూపూ ముందు దాని మీదే పడింది. ఆఫీసరమ్మ యాభై దాటిన మనిషి, కళ్లద్దాల మీద నుంచి మమ్మల్ని లెక్కపెట్టి, "గోడ వారగా నిలబడండి, ముందు పని చూద్దాం" అంది.

పని చూసింది, మనసు పెట్టి చూసింది. ఆ మాట చెప్పుకోవాలి. బావ చెక్కముక్క మీద పెన్సిలుతో గుర్తు పెట్టి, జిగ్గు బిగించి, గొట్టాన్ని ఒక వాలుకి తిప్పి బిట్టు దింపాడు. మొన గుర్తు మీద ఆగింది. ఇంకో వాలు, మళ్లీ గుర్తు మీదే. ఆవిడ లేచి వచ్చి తనే మర వదులు చేసి, తనకి తోచినట్టు వాల్చి, వంగి చూసింది. బజారు జిగ్గుల బొమ్మలు ముందు పెట్టుకుని, వాటిలో ఇరుసు ఎక్కడుందో, ఇందులో కేంద్రం ఎక్కడుందో ఏజెంటుని గుచ్చి గుచ్చి అడిగింది. ఏజెంటు బాగా చెప్పాడు. చివరికి ఆవిడ, "ఇది రెండు తెలిసిన వస్తువుల్ని ఊరికే కలపడం కాదు. ఆలోచన ఉంది" అంది. మా బావ చెవులు ఎర్రబడ్డాయి. ఏజెంటు పెన్ను మూత పెట్టాడు. అయిపోయింది, వచ్చేసింది అనుకున్నాను నేను.

అప్పుడావిడ గోడ వైపు చూసి, "వీళ్లంతా ఎవరు?" అని అడిగింది.

"చెక్కలు మోసుకొచ్చినవాళ్లు మేడమ్" అన్నాడు ఏజెంటు చటుక్కున.

"కాదమ్మా, సాక్షులు" అన్నాడు మా బావ.

మాటలు వదిలెయ్యమన్నాడే! తల గోడకేసి కొట్టుకుందామంటే గోడ వారగా ఖాళీ లేదు. బొంగురాయన అడుగు ముందుకేశాడు. "అమ్మా, ఇది ఇవాళ్టిది కాదమ్మా. పదేళ్లయింది. నేను చేసిన ప్రతి కుర్చీకీ ఇదే వాడా. కావాలంటే మా వీధికి రండి, ఎవర్నైనా అడగండి." వెనక నుంచి అందరూ "అవునమ్మా, నేనూ వాడా", "నాకు నేర్పించింది కూడా ఆయనే" అని ఒకర్ని మించి ఒకరు. మా బావ ముఖం వెలిగిపోతోంది. ఏజెంటు ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

ఆఫీసరమ్మ పెన్ను కింద పెట్టింది. "దరఖాస్తు పెట్టకముందు నుంచే వాడుతున్నారా?"

"ఎప్పటి నుంచో!" అన్నాడు బొంగురాయన, గొంతు ఇంకా పెంచి.

ఆవిడ నిట్టూర్చి, చిన్నపిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "చూడండి. పేటెంటు కొత్త వస్తువుకే ఇస్తాం. దరఖాస్తు పెట్టిన రోజుకి అది నలుగురికీ తెలియనిదై ఉండాలి. కనిపెట్టినవాడే తన చేతుల్తో ముందే వీధివీధంతా పంచిపెట్టినా సరే, ఇక అది కొత్తది కాదు. ఇవ్వడానికి వీల్లేదు."

బొంగురాయన నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఇస్త్రీ చొక్కాలన్నీ ఒక్కసారిగా నలిగిపోయినట్టు కనిపించాయి నాకు. మంచి చేద్దామని పని మానుకొచ్చిన మనుషులు. వాళ్లనేమంటాం? నా కోపమంతా బావ మీదే. ఒక్క మాట, ఒకే ఒక్క మాట నాకు ముందు చెప్పుంటే!

ఏజెంటు మాత్రం చెయ్యి వదల్లేదు. "మేడమ్, వాళ్లు వాడింది సరిగ్గా ఇదేనని ఏముంది? పదేళ్ల కిందటిది వేరే రకం అయ్యుండొచ్చు. గుర్తు కదలని ఏర్పాటు ఆ తర్వాత వచ్చి ఉండొచ్చు. వీళ్ల మాటల్ని బట్టి అది తేలదు."

ఆవిడ ఆలోచించింది. "అదీ నిజమే. మొదటిది తయారవుతుంటే పక్కనుండి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

నేను గొట్టాలు తిప్పినవాణ్ణే గానీ తయారవడం చూసినవాణ్ణి కాదు. కిటికీలోంచి బయటికి చూశాను. మిగతా తలలన్నీ ఒకే వైపు తిరిగాయి.

పెద్ద బావ గోడ దగ్గర నుంచి కదిలి బల్ల ముందుకొచ్చాడు. ఏజెంటు నా చెవిలో గబగబా అన్నాడు, "ఆయన అన్నగారేనా? ఆ పాతది నాది, వేరేది అని చెప్పమనండి. అంతే చాలు, బయటపడతాం." నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్లుగా వచ్చినవాడికీ పోయినవాడికీ పెద్ద బావ చెబుతున్నది ఆ 'నాది' అన్న మాటే. అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టిన ఆ అబద్ధం ఇంకొక్కసారి, 'వేరేది' అనే ముక్క కలిపి, ఇక్కడ, ఈవిడ ముందు ఆడితే చాలు, మా బావకి పేటెంటు వస్తుంది. పేరు గవర్నమెంటే రాస్తుంది.

ఆఫీసరమ్మ చెప్పింది పెద్ద బావ కూడా విన్నాడు. మాటల మనిషి, అర్థం కాకపోవడమేం ఉండదు. ఆవిడ వైపు చూడకుండా తమ్ముడి వైపు తిరిగాడు. షెడ్డు మధ్యలో అడ్డం లేచిన తర్వాత ఆయన తమ్ముడితో అన్న మొదటి మాట అప్పుడన్నాడు.

"ఏరా, చెప్పనా?"

నేను బావ చొక్కా పట్టుకుని లాగి చెవిలో అన్నాను, "బావా, వద్దను. ఆయన నిజం చెప్తే మొత్తం పోతుంది. ఎప్పుడూ చెప్పేదే చెప్పి, అది వేరేదనమను. నీకర్థమవుతోందా?"

"అర్థమైందిరా" అన్నాడు. నా వేళ్లని ఒక్కొక్కటే చొక్కా మీద నుంచి విడిపించాడు. అన్న ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు. "చెప్పన్నా" అన్నాడు.

పెద్ద బావ బల్ల అంచు రెండు చేతులా పట్టుకున్నాడు. "మొదటిది కూడా ఇదేనమ్మా. ఈ వంపు గాడులే. వీడే చేశాడు. నేను పక్కనే కూర్చుని చూశా. నేను చెప్తే చేసింది కాదు, నాకసలు తట్టలేదు. అలా కుదరదురా, చెక్క పాడుచేస్తున్నావని తిట్టా కూడా. కుదిరింది. తర్వాత అందరి దగ్గరా నేనే కనిపెట్టానని చెప్పుకు తిరిగా. అబద్ధం. మొత్తం వీడిదే."

ఏజెంటు ఫైలు మూసేశాడు. ఆఫీసరమ్మ అన్నదమ్ములిద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇంతసేపూ లేని మెత్తదనంతో మా బావనడిగింది, "ఈయన చెప్పింది రికార్డులో రాస్తే మీ దరఖాస్తు తిరస్కరించాలి. రాయమంటారా?"

"రాయండమ్మా" అన్నాడు మా బావ. "అన్న ఎలా చెప్పాడో అలాగే రాయండి."

వరండాలో ఏజెంటు మా వైపు చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. నేను మాత్రం ఊరుకోలేదు. టెంపో ఎక్కేదాకా తిట్టాను, ఎక్కాక తిట్టాను. ఇన్నాళ్లు నేను తిరిగిన తిరుగుడంతా బూడిదలో పోశావన్నాను. రేపు ఏ దారిన పోయేవాడైనా నీ జిగ్గు చేసి అమ్ముకోవచ్చు, కిమ్మనడానికి నీకు హక్కు లేదన్నాను. గోడకీ జిగ్గుకీ ముడిపెట్టిన ఆ బుర్ర ఎవరిచ్చారన్నాను. వడ్రంగులు తలలొంచుకుని కూర్చున్నారు. బావ ఒళ్లో జిగ్గు పెట్టుకుని, టెంపో ఊగినప్పుడల్లా దాన్ని పట్టుకుంటూ, వింటున్నట్టే ఉన్నాడు. ముందు డ్రైవరు పక్కన పెద్ద బావ వెనక్కి తిరక్కుండా కూర్చుని ఉన్నాడు. ఆయన మెడ మాత్రమే కనిపిస్తోంది.

నాకు ఆయాసం వచ్చి ఆగాను. అప్పుడు బావ నా వైపు వంగాడు.

"ఏరా, అన్న చెప్పింది విన్నావు కదా?"

"విన్నాను! అందుకేగా నా ఏడుపు!"

"నాకు చివర్లో సరిగ్గా వినపడలేదురా. చెవుల్లో హోరుమంది. ఏమన్నాడు?"

నాకు ఒళ్లు మండిపోయింది. పేటెంటు పోగొట్టుకుని, పరువు పోగొట్టుకుని, తిరుగు టెంపోలో ఈయన అడిగే ప్రశ్న ఇదీ! చెప్పనని ముఖం తిప్పుకుందామనే అనుకున్నాను. కానీ ఆయన కళ్లు చూశాను.

"మొత్తం వీడిదే అన్నాడు" అని పళ్లు కొరుక్కుంటూ, ముందు సీటు దాకా వినపడేట్టు చెప్పాను.